వైద్యన్ ఇంట్లో మేక గుండె

ఒట్టపాలంలో వేలుక్కుట్టి వైద్యన్ కూతురని సౌదామినికి ఎక్కడికెళ్ళినా కుర్చీ వేసేవారు. పరీక్ష హాల్లో మాత్రం ఆ పెంపకమే ఆమెను ముంచింది.

ఆమె ఒక వైద్యశాలలో ఆడవాళ్ళకు నూనె మర్దన చేసేది, మూలికల మూటలతో కాపడం పెట్టేది. సాయంత్రమయ్యేసరికి భుజాలు లాగేసేవి. సర్కారు ఆయుర్వేద ఆసుపత్రిలో థెరపిస్టుగా చేరితే కాస్త నిలకడగా ఉంటుందని ఆశ. ఆ ఉద్యోగానికి పెట్టే పరీక్షలో సగం పాత వైద్యం, సగం కొత్త జీవశాస్త్రం. పాతదంతా తండ్రి చిన్నప్పుడే శ్లోకాలుగా నోటికి పట్టించాడు. చిక్కు అక్కడే వచ్చింది. జీవశాస్త్రం భాగంలో శరీరంలో ఎముకలెన్ని అని అడిగితే, తండ్రి గొంతు చెవిలో మోగి, మూడు వందల అరవై అని గుర్తు పెట్టేసింది. రెండు వందల ఆరు ఆ పక్కనే ఉంది. అలాంటివే ఇంకొన్ని. ఉద్యోగం చేజారింది.

ఇంటికొచ్చి గంజి తాగుతూ ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. వైద్యన్ నవ్వలేదు.

"అంటే నేను నేర్పింది తప్పంటావా?"

"అలా అనలేదు నాన్నా."

"నా మాట విన్నందుకేగా పోయింది?" అని గంజి సగంలో వదిలేసి లేచాడు.

ఆ తర్వాత ఇంట్లో పరీక్ష మాట ఎత్తడానికి సౌదామినికి ధైర్యం చాల్లేదు. వయసు దాటిపోకముందు మిగిలింది ఇంకొక్క అవకాశం. వైద్యశాలలో నూనెలు కాచే గదిలో, పని మధ్య ఖాళీల్లో చదువుకునేది. అన్నీ ఎలాగో ఎక్కాయి గాని గుండె ఎక్కలేదు. నాలుగు గదులు, వాటి మధ్య తలుపులు, వచ్చే దారి, పోయే దారి, బొమ్మలో చూస్తే అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయేవి.

చివరికి, అన్న వరసన 'ఇక్కా' అని పిలిచే మాంసం కొట్టతను హంసను అడిగింది. "ఇక్కా, ఒక మేక గుండె కావాలి. కోయకుండా ఇవ్వు."

"వైద్యన్ ఇంటికి మాంసమా? మీ నాన్నకి తెలిస్తే ఇక నా నాడి పట్టుకోడు."

"కూరకి కాదు, చదువుకి."

"చదువుకైతే మెదడు తీసుకెళ్ళాలి గాని," అంటూనే పొట్లం కట్టిచ్చాడు.

ఆ ఉదయం వైద్యన్ షొర్ణూరులో ఒక రోగిని చూడ్డానికి బయల్దేరాడు. సౌదామిని వెనక వసారాలో అరిటాకు పరిచి, గుండెను కడిగి, నిలువునా కోసింది. అప్పుడే వెనక నుంచి దగ్గు వినిపించింది.

"నీ మొగుడి బస్సు డిపో వాళ్ళు ఉన్నట్టుండి బస్సులాపేశారు. ఏదో సమ్మె అంట," అంటూ వచ్చిన వైద్యన్ ఆకు చూసి ఆగిపోయాడు. ఆయన ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని మనిషి. సౌదామిని చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"ఏంటే అది?"

"మేక గుండె నాన్నా. పరీక్షకి."

ఆయన చేతిలో సంచి కింద పెట్టాడు. తర్వాత, "కళ్ళజోడు పట్రా," అన్నాడు.

పీట లాక్కుని కూర్చుని, వంగి చాలాసేపు చూశాడు. చిటికెన వేలితో తెల్లటి పొరను నెమ్మదిగా కదిపాడు. "ఇవి తలుపుల్లా ఉన్నాయే."

"తలుపులే. రక్తం వెనక్కి రాకుండా మూసుకుంటాయి. మనకి వినపడే చప్పుడు వీటిదే."

"ఈ పక్క గోడ ఇంత మందమేంటి?"

"ఒళ్ళంతటికీ పంపేది ఆ గదే. రెండోదానికి పక్కనున్న ఊపిరితిత్తుల దాకా పంపితే చాలు." చెబుతుంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. ఎక్కడా తడబడలేదు.

వైద్యన్ తన మణికట్టు తానే పట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ గుమ్మం బయట కూర్చుని లోపలివాళ్ళ అలికిడి విన్నాను. మొహం ఇవాళ చూశా." మణికట్టు వదిలేసి అడిగాడు. "మరి ఆ ఎముకల సంగతేంటి? తప్పేనా?"

"తప్పు కాదు నాన్నా. పాతవాళ్ళు పళ్ళు, గోళ్ళు కూడా కలిపి లెక్కేశారు. కొత్తవాళ్ళు కలపలేదు."

"అలాగైతే నా లెక్క ఏనాడో తగ్గుండాలి," అని బోసినోరు తెరిచాడు. సౌదామినికి నవ్వుతో పాటే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ఆ రోజు నుంచి చదువు ముందు వసారాలోకి వచ్చింది. వైద్యన్ మందు నూరుతూ ప్రశ్నలడిగేవాడు. ఆమె నోరు తెరవబోతే, "ఆగు. ముందు ప్రశ్న ఎవరిదో చెప్పు, కొత్తవాళ్ళదా, మనదా?" అని అదిలించేవాడు. రోగులు తమ వంతు కోసం కాచుకుంటూ మూత్రపిండాల పని గురించి విని వెళ్ళేవారు.

పరీక్షలో ఆమె ప్రతి ప్రశ్న దగ్గరా అలాగే ఆగింది.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం భర్త ప్రభాకరన్ డిపో నుంచి ఫోన్ చేశాడు. "లిస్టులో ఉన్నావే. పైన కాదులే, కిందెక్కడో. అయినా ఉన్న ఖాళీలకి సరిపోతుంది. నేను రెండుసార్లు చూసుకున్నా."

ఆమె వసారాలోకొచ్చి తండ్రికి చెప్పింది. ఆయన రోలు పక్కకి జరిపి, గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకున్నాడు.

"నా కోపం నీ మీదనుకున్నావు కదూ?"

"మరెవరి మీద?"

"నా నోటి మీదే. నేను పెట్టిన చదువే నీ కడుపు కొట్టిందని అప్పట్నుంచీ అన్నం సయించలేదు. హమ్మయ్య, బరువు దిగింది. పోయి పడుకో, నీ మొహం చూడు ఎలా ఉందో."

ఆమె లోపలికి వెళ్ళి చాప వేసుకుంది. వాకిట్లోకి ఎవరో వచ్చి మోకాలి నొప్పి గురించి గట్టిగా చెప్పబోతే, "మెల్లగా చెప్పు, అమ్మాయి పడుకుంది," అని తండ్రి అనడం నిద్రలోకి జారుతుంటే వినిపించింది.