గోదావరి అల్లుడి స్పీడ్‌బోటు

హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసుకునేవాడికి స్పీడ్‌బోటు ఎందుకని మీరు అడుగుతారు. అడగండి, తప్పులేదు. మా ఆవిడ సరోజ ఇన్నేళ్లుగా అదే అడుగుతోంది. ఆ రోజుల్లో తెలివిగలవాళ్లంతా హోసూరు చుట్టుపక్కల స్థలాలు కొన్నారు. నేను పడవ కొన్నాను. కొని ఊరుకున్నా బాగుండేది. అందులో వినాయకుణ్ణీ మామగారినీ ఎక్కించుకుని, ఊరంతా కట్టమీద నిలబడి చూస్తుండగా నేను చేసిన ఘనకార్యం వింటే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది. పోతే పోనివ్వండి, చెప్పకుండా ఉండలేను.

తొంభైల నడిమి మాట. నాది గోదావరి జిల్లా. ఉద్యోగానికని హోసూరు వచ్చి, అత్తిముగం దగ్గర ఒక పల్లెలో నారాయణప్పగారనే రైతు కూతుర్ని చేసుకున్నాను. ఆ ఊరివాళ్లకు నేను 'గోదావరి అల్లుణ్ణి'. గోదావరి అనగానే నేను చేతిలో తెడ్డుతో పుట్టానని వాళ్ల నమ్మకం. నిజానికి మా ఇల్లు బస్టాండు వెనకాల. నదిని నేను చూసిందల్లా వంతెన మీద, బస్సు కిటికీలోంచి. ఈత సంగతి అసలు అడక్కండి, బకెట్టు నిండుగా ఉంటే చెంబు ముంచడానికే జంకే రకాన్ని. అయినా వాళ్ల నమ్మకాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. పొలం పని రాదు, ఎద్దుల్ని తోలడం రాదు, వాళ్ల యాస రాదు. ఆ ఊళ్లో నాకున్న మర్యాదంతా ఆ గోదావరి ఒక్కదాని మీదే నిలబడి ఉంది.

ఆ ఏడాది వానలు బాగా కురిసి ఊరి చెరువు నిండింది. చవితి దగ్గరపడుతుండగా పెద్దలంతా మామగారి అరుగు మీద చేరారు.

"పోయిన తూరి స్వామిని మెడలోతు నీళ్లల్లో వదిలి వచ్చినాము. తెల్లారి చూస్తే కిరీటం పైకే ఉండాది. ఈ తూరి నడిమధ్యకు తీసకపోవాలప్పా," అన్నాడొక పెద్దాయన.

"ఎట్ల పోయేది? పడవ యాడుంది మనకి?"

"గోదావరి అల్లుడు ఈడే కూర్చోని ఉండాడు గదా, ఆయన్ని అడగండి."

అందరి తలలూ నావైపు తిరిగాయి. మామగారి మొహంలో గర్వం కనిపించింది. ఆ గర్వం చూశాక నా నోరు నా మాట వినలేదు.

"పడవ సంగతి నాకు వదిలెయ్యండి," అంది.

పాత బండ్లు అమ్మే ఒకాయన షెడ్డులో దొరికింది పడవ. బెంగుళూరులో ఏదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే తెచ్చానన్నాడు. అబ్బ, ఏం పడవండీ అది! తేనెరంగు పాలిషు పెట్టిన టేకు పలకలు, ఇత్తడి కొక్కేలు, ఎర్ర తోలు సీట్లు, సన్నగా సాగిన ముక్కు. ఆ కాలపు వడ్రంగి ఎవడో గానీ అతని చేతులకు దండం పెట్టాలి. పెళ్లిచూపుల్లో కూడా నేను అంతసేపు కళ్లార్పకుండా చూడలేదు. ఈ మాట సరోజదాకా పోనివ్వకండి.

"ఇంజను ఎలా ఉంటుంది?" అన్నాను, ఇంజన్లన్నీ నాకు తెలిసినట్టు.

"దాని గొప్పే అది సార్! పాతది చెడిపోయింది. నేనే వేరే ఇంజను ఎత్తి పెట్టినాను. సూపర్ కండిషన్."

"గేర్లు ఎన్ని?"

"ఒగటే సార్. రివర్సు పీకేసినాము."

"అదేంటి, రివర్సు లేకుండానా?"

"నీళ్లల్లో ట్రాఫిక్ ఉంటాదా సార్? పోయేది ముందుకే గదా!"

ఇంత చక్కటి తర్కం నేను మా ఫ్యాక్టరీ మీటింగుల్లో కూడా వినలేదు. అక్కడికక్కడే ఒప్పేసుకోబోయాను గానీ వెంట వచ్చిన మామగారు ఆపారు. ఆయన కెలమంగలం సంతలో ఎద్దుల్ని చూసినట్టే పడవనీ చూశారు. వెనకనుంచి చూశారు, పక్కనుంచి చూశారు, పొట్టకింద చెయ్యిపెట్టి నిమిరారు, వీపు మీద రెండు తట్లు తట్టారు. ఇంజను ఆన్ చేయిస్తే షెడ్డు రేకులు అదిరాయి.

"గొంతు బాగుండాదప్పా. నడుం కూడా గట్టిది. తోలుకోని పోదాం పద," అన్నారు.

ట్రాక్టరు ట్రైలరు మీద పడవ ఊళ్లోకి వస్తే కల్యాణం రోజు రథాన్ని చూసినట్టు చూశారు జనం. ఆడవాళ్లు పసుపూ కుంకుమా పెట్టారు. అన్ని తలల మధ్యా తెలివి ఉన్న తల ఒక్కటే, అది సరోజది.

"ఒకసారి నీళ్లలో దించి నడిపి చూడకూడదా?" అంది.

నేను నోరు తెరిచేలోపే మామగారు అడ్డుపడ్డారు. "అట్ల చేయకూడదమ్మా. కొత్త బండిలో మొదట కూర్చునేది స్వామే. అంతవరకు ఎవురూ ఎక్కకూడదు. అయినా గోదావరాయనకు నడిపి చూసే పనేముంది?"

"అదీ నిజమే," అన్నాను నేను. మొగుడి మీద భార్యలకు అప్పుడప్పుడు కలిగే ఒకరకమైన జాలితో సరోజ నన్ను చూసింది.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం పలక డప్పులు మోగుతుండగా స్వామి చెరువు దగ్గరికి వచ్చాడు. ట్రైలరుని నీళ్లలోకి వెనక్కి దించి పడవను జార్చారు. దాని ముక్కు ఒడ్డువైపు ఉండిపోయింది. స్వామిని ముక్కు దగ్గర జనంవైపు మొహం పెట్టి కూర్చోబెట్టి హారతిచ్చారు. నా పథకం చాలా సులువు. కుర్రాళ్లు పడవని కాస్త లోతుకు తోస్తారు, నేను చక్రం తిప్పి ఒక రౌండు కొట్టి ముక్కుని చెరువువైపు పెడతాను, ఆపైన దూసుకుపోతాను. ముందుసీట్లో నేను, నా పక్కన తలపాగా చుట్టుకుని మామగారు. కుర్రాళ్లు తోశారు. నేను ఇంజను ఆన్ చేసి గేరు వేశాను.

పడవ దూసుకుపోయింది, వెనక్కి.

ఎందుకో తర్వాత తెలిసింది. పాత ఇంజను ఒకవైపు తిరిగేది. నీళ్లకింద ఉన్న పంకా దానికోసం చేసింది. షెడ్డాయన పెట్టిన ఇంజను రెండోవైపు తిరుగుతుంది. అంటే నా పడవకు ఉన్న ఆ ఒక్క గేరే అసలైన రివర్సు.

"ఏమప్పా, ఎనక్కి పోతా ఉంది?" అన్నారు మామగారు సీటు గట్టిగా పట్టుకుని.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ కట్టమీద ఊరంతా ఉంది.

"అలాగే పోవాలి మామయ్యా. స్వామి జనానికి వీపు చూపిస్తూ వెళ్తే ఏం బాగుంటుంది?"

మామగారు స్వామివైపు చూసి తల ఊపారు. కట్టమీది జనానికీ అదే తోచినట్టుంది. చెయ్యెత్తి దీవిస్తూ, అందర్నీ చూస్తూ చూస్తూ దూరమైపోతున్న స్వామిని చూసి ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. అరుపులు, ఈలలు, దండాలు. నా జన్మలో నాకు అంత పేరు ఎప్పుడూ రాలేదు.

ఆ పేరు చెరువు మధ్యదాకా నిలిచింది. ముందుకు పోవడానికి చేసిన పడవకు వెనకభాగం పల్లంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నీళ్లు వెనకసీట్లోకి వచ్చాయి.

"నీళ్లు లోపలికి వస్తా ఉండాయే?"

"వస్తాయి మామయ్యా."

"ఇది గూడా ఇట్లే రావాలా?"

ఇంజను గుటుక్కుమంది. పడవ నిదానంగా, మర్యాదగా, వెనకనుంచి కూర్చుంటూ పోయింది. అందరికంటే చివర మునిగింది స్వామి చెయ్యి. నేను మాత్రం ఆయనకంటే ముందే మునిగాను.

అరవై ఏళ్ల మామగారు నా చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగారు. చిన్నప్పటినుంచి బావుల్లో ఈదిన మనిషి. "కాళ్లు ఆడించొద్దప్పా, గమ్మున పండుకో," అంటూ ఒక్క చేత్తో ఈదుతూ నన్ను ఒడ్డుదాకా లాక్కొచ్చారు. నా సంగతి అయిపోయిందనుకున్నాను. ఈతరాని గోదావరి అల్లుడి కథ జిల్లా అంతా తిరుగుతుంది.

జనం చుట్టుముట్టారు. మామగారు తలపాగా పిండుకుంటూ నావైపు ఒకసారి చూసి, గట్టిగా అన్నారు:

"నాకు ఊపిరాడలేదురా. మా అల్లుడే పట్టుకోని వచ్చినాడు."

ఆ మనిషి గురించి నేను ఇంతకంటే ఏం చెప్పను? కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒళ్లంతా తడిసి ఉండటంతో ఎవరూ కనిపెట్టలేదు.

"మరి పడవ?" అన్నారెవరో.

"స్వామికే ఇచ్చేసినాడు," అన్నారు మామగారు తడుముకోకుండా.

ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నాకు దండం పెట్టారు. వేసవిలో చెరువు ఇంకి పడవ ముక్కు బయటపడితే, బయటికి తీయించుకుందామని ట్రాక్టరు మాట్లాడుకుని వెళ్లాను. పెద్దలు ఒప్పుకోలేదు. "స్వామికి ఇచ్చింది ఎట్లప్పా తీసుకునేది?" అని దాని ముక్కుకు పసుపు పూసి కొబ్బరికాయ కొట్టారు.

ఆ తర్వాతి చవితికి నేను కొత్త స్కూటరు మీద అత్తగారింటికి వెళ్లాను. దాన్ని వాకిట్లో నిలబెట్టానో లేదో, పెద్దలంతా వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగారు. ఒకాయన సీటు మీద ప్రేమగా చెయ్యివేసి నన్ను అడిగాడు:

"పోయిన ఏడు పడవ ఇచ్చినావు. ఈ ఏడు స్వామికి ఇదేనా అప్పా?"

కాబట్టి సమస్త దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా పేరుమీద ఉన్న ఏ బండినీ చవితి నెలలో ఆ ఊరి పొలిమేర దాటించను. ఆ నెలంతా అత్తగారింటికి బస్సులోనే వెళ్తున్నాను. బస్సు దిగగానే పెద్దలు దాన్ని కూడా ఒకసారి ముందునుంచి వెనకదాకా చూసి, నావైపు తిరుగుతారు. నాది కాదని నేను ముందే చెప్పేస్తున్నాను.