నిప్పు తగలని కూడు

చింతపల్లి బస్టాండు దగ్గర మాది టిఫిన్ హోటల్. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, బయట ఒక నీళ్ళ డ్రమ్ము. మేము కొండ కిందివాళ్ళం. మా మామగారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెడితే, మా ఆయన దాన్ని హోటల్ చేశారు. ఇడ్లీ పిండి, చట్నీలు, సాంబారు నావి. పెనం ఆయనది. ఆయన అట్టు వేసే తీరు చూడ్డానికే కొందరు పెనం పక్క బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడేవాళ్ళు. అలాంటి మనిషి ఏడాది పాటు నిప్పు తగిలిన మెతుకు నోట్లో పెట్టలేదు. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను.

మొదలైంది షుగరుతో. జ్వరం ఎంతకీ తగ్గకపోతే నర్సీపట్నం వెళ్ళి రక్తపరీక్ష చేయించాం. డాక్టరు ఒక మాత్ర రాసి, అన్నం తగ్గించి కూరలు ఎక్కువ తినమన్నాడు. ఊళ్ళో సగం మందికి ఉన్న జబ్బే, నేను పెద్దగా బెంగపడలేదు. కానీ మా మామగారికి షుగరుతోనే కాలు తీసేశారు. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టిందీ, పుండు కడిగి కట్టు మార్చిందీ మా ఆయనే. దాని గురించి నాతో ఎప్పుడూ ఒక్క ముక్క మాట్లాడలేదు. రక్తపరీక్ష రోజున ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పి తన పాదాలు చాలాసేపు చూసుకున్నారు. చెప్పులో రాయి ఏదో పడిందనుకున్నాను.

ఆ తర్వాత ఫోన్లో ఒకాయన దొరికాడు. నిగనిగలాడే మొహం, వెనక పచ్చటి తోట, ముందు పళ్ళెం నిండా పళ్ళు. నిప్పు తగిలిన తిండి చచ్చిన తిండి అంటాడు. అడవిలో ఏ జంతువూ పొయ్యి వెలిగించదు అంటాడు. పొద్దున్నే పొయ్యి వెలిగించి బతికేదాన్ని, నాకు ఒళ్ళు మండింది. "అడవిలో ఏ జంతువూ ఫోనూ అట్టుకోదండీ" అన్నాను. మా ఆయన నవ్వలేదు. పెళ్ళయినప్పటి నుంచి నా వెటకారానికి ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి.

మంచి జరగలేదని అంటే అబద్ధమవుతుంది. మొదట రాత్రి పూట అన్నం బదులు కీరదోస ముక్కలు, కారెట్లు, మొలకెత్తిన పెసలు తిన్నారు. షుగరు దిగింది. పొట్ట తగ్గింది. పాత చొక్కాలు మళ్ళీ పట్టాయి. "ఏటి బాబూ, కుర్రోడివైపోతన్నావు!" అని వచ్చినవాళ్ళంతా అంటుంటే నాకూ గర్వంగానే ఉండేది. పెసలు గుడ్డలో మూటకట్టిందీ, కొబ్బరి కోరిందీ నేనే. అక్కడితో ఆగి ఉంటే రాయడానికి ఏమీ లేదు.

ఆగలేదు. రాత్రి తిండి అయ్యాక పొద్దుటిది, ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం కూడా పోయింది. పాలు పోయాయి, పెరుగు పోయింది, టీ పోయింది, చివరికి ఉప్పు కూడా పోయింది. గంట ముందు తరిగిన ముక్క చచ్చిపోయినట్టేనట, అప్పటికప్పుడు తరగాలి. సంతలో కొన్న టమాటాలకి మందు కొట్టి ఉంటారట, అవీ వద్దు. డాక్టరిచ్చిన మాత్ర నాకు చెప్పకుండానే మానేశారు. అదేమంటే, "అది కూడా మందుల కంపినీలో మరగబెట్టిందే కదే" అన్నారు. పెళ్ళిళ్ళకి వెళితే స్టీలు డబ్బా పట్టుకెళ్ళేవారు. కొన్నాళ్ళకి పెళ్ళిళ్ళకే వెళ్ళడం మానేశారు. కళ్ళు తెరిచింది మొదలు ఏం నానబెట్టాలి, ఏది ఎప్పుడు తరగాలి, నిన్న తిన్నదాంట్లో ఏది తప్పు, ఇదే ధ్యాస. తిండి మీద మోజున్నవాళ్ళని చూశాను గానీ, తిండి మానేసి ఇంతగా తిండి గురించే బతికిన మనిషిని చూడలేదు.

మాది హోటలాయె. సాంబారు రుచి చూడమంటే మొహం తిప్పేసేవారు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకు తోచినట్టు వేసుకునేదాన్ని. పోనీ ఊరుకుంటారా, అట్టు తిప్పుతూ తిప్పుతూ ఎదురుగా కూర్చున్నవాళ్ళకి, వండిన తిండి ఒంటిని ఎలా పాడుచేస్తుందో చెప్పేవారు. ఒకరోజు ఒక లారీ డ్రైవరు అంతా విని, "బాబూ, నీతులు తరవాత సెబుదువు గానీ, బేగి ఇంకో సచ్చిపోయిన అట్టు ఎయ్యి" అన్నాడు. హోటలంతా గొల్లుమంది. నేనైతే చట్నీ గిన్నె కింద పెట్టి మరీ నవ్వాను. ఆయన మాత్రం ఆ అట్టు వేసి, గరిట పక్కన పెట్టి, వెనక్కి వెళ్ళిపోయారు.

తర్వాత ఆయన చూపు నా కంచం మీద పడింది. "ఏటి తింతన్నావో తెలుస్తందా నీకు?" అనేవారు. కోపంతో కాదు, గోతిలో పడబోయేవాణ్ణి చూసి కేక వేసినట్టు. నేను దొడ్లో గోడ చాటున నిలబడి తినడం నేర్చుకున్నాను. నా వంటింట్లో, నేను వండిన అన్నం, దొంగలాగ. మేము పోట్లాడుకున్నాం, మాటలు మానేశాం, మళ్ళీ పోట్లాడుకున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చలికాలం వచ్చింది. ఇక్కడి చలికి కొబ్బరినూనె సీసా రోజంతా పొయ్యి పక్కనే ఉండాలి. ఒంట్లో కండ లేని మనిషికి అది ఎముకలదాకా పోయేది. రెండు స్వెట్టర్లు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, ఇడ్లీ పాత్ర దగ్గర ముడుచుకుని కూర్చునేవారు. ఆవిరి వచ్చేచోట చేతులు పెట్టేవారు. నిప్పు తగిలింది ముట్టని మనిషి నిప్పుని వదలలేకపోయారు. చేతులు వణికి అట్లు చిరిగిపోతుంటే పెనం కూడా నేనే తీసుకున్నాను. హాస్టల్లో చదువుకుంటున్న మా పిల్ల సెలవులకి వచ్చి, బస్సు దిగి, పొయ్యి దగ్గర కూర్చున్నాయన్ని దాటుకుని లోపలికొచ్చి, "నాన్నేడమ్మా?" అని అడిగింది.

ఆనపకాయ రసంతో పని ఆసుపత్రిదాకా వచ్చింది. పచ్చి ఆనపకాయ కోరి, రసం తీసి రోజూ ఒక గ్లాసు తాగేవారు. ఒకనాడు కాయ చేదు తగిలింది. షుగరుకి చేదు మంచిదేనని గడగడా తాగేశారు. అరగంటకే వాంతులు, వాంతిలో నెత్తురు. జీపు మాట్లాడుకుని ఘాట్ రోడ్డు దిగుతుంటే ప్రతి మలుపులోనూ ఆయన తల నా ఒళ్ళో అటూ ఇటూ దొర్లింది. అంత పొడుగు మనిషి, తల ఇంత తేలికేమిటా అనుకున్నాను. చేదు ఆనపకాయ రసం విషమేనని, సమయానికి తెచ్చారని డాక్టరు చెప్పాడు. పచ్చికూరలు మంచివే, కానీ వాటితోనే, అదీ మాత్ర లేకుండా బతకాలంటే కుదరదన్నాడు. విశాఖలో మనసు డాక్టరు ఒకాయన ఉన్నాడు, చూపించమన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నేను ఏడుస్తూనే తిట్టాను. ఆయన అన్నిటికీ తలూపారు. ఇంటికొచ్చాక చేసిన మొదటి పని పల్లీలు నానబెట్టడం. అప్పటిదాకా నాకున్నది కోపం. ఆ గిన్నె చూశాక భయం మొదలైంది. ఈ మనిషి నా కళ్ళముందే పోతాడని మొదటిసారి అనిపించింది.

మా హోటలుకి అడ్డాకుల విస్తళ్ళు కొండ మీది గిరిజనుల ఊరి నుంచి ఒకతను తెస్తాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ వేసవిలో వాళ్ళ ఊరి మామిడి కొత్తకి మమ్మల్ని పిలిచాడు. కొత్త అంటే ఆ ఏటి పంట మొదటిసారి తినే పండగ. పెద్దలు రోజు చెప్పి, దేవతకి పెట్టేదాకా చెట్టు నిండా కాయలున్నా పిల్లలు కూడా ఒక్కటి కొరకరు. మా ఆయనకి ఇది తెగ నచ్చింది. "సూసినావా, ఆళ్ళకీ నియమం ఉంది" అన్నారు. డబ్బా సర్దుకుని నాతో బయల్దేరారు.

అందరినీ వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. వేడి అన్నం, మామిడికాయ పప్పు, కోడికూర. మా ఆయన డబ్బా మూత తీశారు. విస్తళ్ళ అతని తల్లి అది చూసి, ఏమిటని నన్ను అడిగింది. ఈయన ఎక్కడ ఉపన్యాసం మొదలెడతారోనని, సిగ్గుతో, "నియమంలో ఉన్నారమ్మా, వండింది తినరు" అని గబగబా చెప్పేశాను.

ఆవిడ దాన్ని మొక్కు అనుకుంది. మొక్కులో ఉన్న మనిషికి చెయ్యాల్సిన మర్యాదంతా చేశారు. అవతలి అరుగు కడిగించారు. కొత్త చాప వేశారు. ఆయన్ని అక్కడ ఒక్కరినీ కూర్చోబెట్టి, మెతుకు పడుతుందని పిల్లల్ని అటు పోనివ్వలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. ఏడాదిగా ఆయన కోరుకున్నదంతా ఆ అరుగు మీద దొరికింది. ఇవతల ఊరు ఊరంతా ఒక వరసలో కూర్చుని తింటోంది. అవతల ఆయన డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా వైపు చూస్తూ కూర్చున్నారు. ముక్క నోట్లో పెట్టుకోలేదు.

భోజనాలయ్యాక ఆ ముసలమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఏ దేవతకి మొక్కినావు బాబూ?"

ఆయన ఒళ్ళో డబ్బాకి మూత పెట్టారు.

"పోనీ, ఎప్పుడు తీరుతాది? ఆ రోజు సెప్పు. కోడినట్టుకుని మేమందరం వత్తాం."

ఆయన నోరు తెరిచారు. లారీ డ్రైవర్లకి, సంతవాళ్ళకి, పెళ్ళిళ్ళలో బంధువులకి చెప్పిన మాటల్లో ఒక్కటీ రాలేదు. ఆవిడ బయటికి చెప్పకూడని మొక్కేమోననుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

తిరుగు జీపులో చాలా దూరం వచ్చాక, "దానికి రోజు లేదే" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ అన్నారు. "ఏది తిందామన్నా అయ్య కాలే కనపడతాది. కట్టు ఇప్పినప్పటి వాసన వత్తాది. నాకు భయమే."

ఏడాదిగా నేను దాన్ని మొండితనం అనుకుని మొండితనంతోనే కొట్లాడాను. ఆ మనిషి అంతకాలమూ భయపడుతూ నా పక్కనే ఉన్నాడు. జీపులో ఇంకా జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ ఊరివాళ్ళు తినకుండా ఉండేది ఒక రోజున అందరూ కలిసి తినడానికి. మా ఆయన నియమానికి మొదలు తప్ప చివర లేదు. ఉన్నదల్లా రోజుకొకటి తీసెయ్యడమే. ఇంక తీసెయ్యడానికి మిగిలినవి ఆ పల్లీలూ, మేమూ.

"నువ్వే ఒక రోజు సెప్పు. నా వల్ల కాదు" అన్నారు.

ఇవాళే అందామని నాలుక చివరిదాకా వచ్చింది. నన్ను నేను ఎరుగుదును కనక ఆపుకున్నాను. ముందు విశాఖ వెళ్దాం, మాత్ర మొదలెడదాం, ఆ పై ఆదివారం అన్నాను.

ఆయన పూర్తిగా బాగైపోయారని ఇప్పటికీ అనను. కొన్ని పూటలు కంచం ముందు కూర్చుని లేచిపోతారు. విశాఖ వెళ్ళివస్తూనే ఉన్నాం. అప్పుడప్పుడు సగం తిని, మిగతాది నా వైపు జరిపి, రేపు తింటానంటారు. నేను సరేనంటాను. కీరదోస ముక్కలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంటాయి, అన్నం పక్కన.

ఆ ఆదివారం మధ్యాహ్నం హోటల్ మూసేశాను. కాస్త అన్నం, పల్చగా పెసరపప్పు వండాను, అంతే. ముద్దలు లెక్కపెట్టొద్దు, మొహంలోకి చూడొద్దు, మీ అన్నం మీరు తినండి అని విశాఖ డాక్టరు నాకు గట్టిగా చెప్పాడు. అందుకని నేనూ ఎదురుగా కంచం పెట్టుకుని, తల వంచుకుని అన్నం కలిపాను. అవతల చెయ్యి కదలడం వినిపించింది, ఆగడం వినిపించింది. ఎంతసేపటికీ ఇంకేమీ వినపడక ఉండబట్టలేక తలెత్తాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని నములుతున్నారు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. మింగారు. రెండో ముద్ద కలిపారు. నాకు ఎదురుగా ఉన్నదేదీ కనపడలేదు. రోజూ వందమందికి పెట్టే చెయ్యి నా కంచంలోనే బిగుసుకుపోయింది.

ఆయన కళ్ళు తెరిచి నా కంచం చూశారు.

"ఏటలా కూకున్నావు? బేగి తిను" అన్నారు. "సల్లారిపోతాది."