నూటికి ఎనిమిది పాళ్ళు

1954 ఆగస్టు పదిహేడు, మంగళవారం. ఆదోనిలో మూడు రోజులుగా ముసురు విడవలేదు. పత్తి పరీక్షించే పీరా సాబ్ తలగుడ్డ పిండుకుంటూ సాహుకారు రామకృష్ణయ్య దుకాణం మెట్లెక్కేసరికి, అక్కడ ఎవరూ అతని ముఖం చూడలేదు.

"రాప్పా పీరా," అన్నాడు సాహుకారు, లోడుదిండు మీద నుంచి కదలకుండా. "మద్రాసు మిల్లోళ్ళు కాయితం పంపినారు. మన దూది బేళ్ళల్లో నూటికి ఎనిమిది పాళ్ళు తడి ఉందంట. నువ్వు సెయ్యి పెట్టి బాగుందన్న సరుకే!"

ఆ బజారులో తడి అన్నది వట్టి మాట కాదు, నేరారోపణ. తూకం పెరగాలని నీళ్ళు చల్లిన సరుకుకే ఆ పేరు. దానిని పట్టుకోవడమే ఇరవైరెండేళ్ళుగా పీరా సాబ్ వృత్తి. దూది కుక్కిన పెద్ద గోనెసంచిలోకి, అదే బోరెంలోకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమధ్య నుంచి పిడికెడు దూది లాగి, చెంపకు ఆనించి, చెవి దగ్గర నలిపి వినేవాడు. పొడిదైతే గరగరమంటుంది, నీళ్ళు తాగినదైతే నోరెత్తదు. అతడు తల ఊపితేనే తూకం. ఈ మాట బయటికి పొక్కితే ఇక ఏ దుకాణమూ అతని చేతిని బోరెంలో పెట్టనివ్వదు.

"తడి ఉంటే నా సెయ్యి నరుక్కుంటా సావుకారూ!"

"నీ సెయ్యి నాకెందుకప్పా? ఆ నీళ్ళు యాడివో సెప్పు."

పీరా సాబ్ నేరుగా హైస్కూలులో సైన్సు చెప్పే ఇశ్రాయేలు పంతులు దగ్గరికి పోయాడు. శాస్త్రం మనం రోజూ వాడే మాటలనే ఎరువు తెచ్చుకుని, తన కొలతకు కుట్టించుకుంటుంది. బేలు వీపున పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడిన హమాలీ ఆ గంటలో ఏ పనీ చేయనట్టేనని ఈ పంతులే ఒకసారి పాఠం చెబితే, హమాలీల పిల్లలు నెల రోజులు ఆయన మీద అలిగారు. ఆ ముచ్చట ఇంకా చెప్పవచ్చు గాని, పీరా సాబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

పంతులు అంతా విని నవ్వాడు. "వాళ్ళు చెప్పే తడి వేరు సాబ్. గాలిలోని నీటి ఆవిరిని దూది తనంతట తానే పీల్చుకుంటుంది. ఆ పాటి ఏ దూదిలోనైనా ఉంటుంది. చేతికి తెలియదు."

"నాకు సెప్తే ఏమొస్తాది సార్? సావుకారికి సూపించల్ల."

మరునాడు పంతులు త్రాసుతో, ఆవిరితో వేడెక్కే రాగిపెట్టెతో దుకాణానికి వచ్చాడు. పీరా సాబ్ బోరేల జోలికే పోలేదు.

"సావుకారూ, మీ లోడుదిండు ఇయ్యండి. దానికి నీళ్ళు సల్లినోడు ఎవడూ లేడు గదా!"

కుట్టు విప్పి ఇరవైఐదు గ్రాముల దూది తీశారు. రాగిపెట్టెలో ఆరబెట్టి మళ్ళీ తూచితే ఇరవైమూడే మిగిలింది. పంతులు లెక్క కట్టాడు: నూటికి ఎనిమిది.

రామకృష్ణయ్య దిండును చూశాడు, తన పంచెను చూసుకున్నాడు. "అంటే పదేండ్లుగా నేను తడి మీద ఆనుకోని కూసున్నానా?"

"జలుబు సెయ్యలేదు, అదృష్టం," అన్నాడు పీరా సాబ్.

దుకాణమంతా ఘొల్లుమంది, అందరికన్నా బిగ్గరగా నవ్వినవాడు సాహుకారే. "సాలప్పా, పో! బోరేలు నీ కోసమే కాసుకోనుండాయి." పీరా సాబ్ చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఏడేళ్ళ తరువాత ఎమ్మిగనూరు నుంచి పంతులుకు ఒక కార్డు వచ్చింది:

"ఇశ్రాయేలు సారుకు పీరా సాబ్ సలాములు. ఈడ ఒక దూది కొట్టులో సరుకు సూసి పెడతాండాను. మా ఇంటామె జైతూన్ బీకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. మొన్న మిల్లు కాయితంలో మా సరుకుకు మాలిన్యం మూడు పాళ్ళని వచ్చింది. కల్తీ అంటాండారని గుమాస్తా మండిపడినాడు. నేను మాత్రం, వాళ్ళ లెక్కలో ఆ మాటకు అర్థమేందని ఈడి సైన్సు సారును అడిగినాను. ఆకుతునకలు, గింజపొట్టు అన్నాడు. అవి ఉండేది నిజమే. ఏరమని కూలోళ్ళకు సెప్పి, టీ తాగి వచ్చినాను."