సగం స్పీడులో కృష్ణ దాటిన రోజు

ఇంకా మీసం కుదురుకోని ఆ రోజుల్లో నన్ను నమ్మి ఎవరైనా ఏదైనా అప్పజెప్తే ప్రాణం పెట్టేవాణ్ణి. అప్పజెప్పేవాళ్లే ఉండేవారు కాదు. డిప్లొమాలో మూడు సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంటికొచ్చినవాడికి మా ఊళ్లో గేదె పలుపు కూడా ఆలోచించి ఇచ్చేవారు. అలాంటిది మా మామయ్య (అమ్మకు తమ్ముడు, కృష్ణ మీద పడవ నడుపుకుని బతికినవాడు) తన పడవలో కొత్త డీజిల్ ఇంజిన్ బిగించి, దాన్ని నడిపే పని నాకిచ్చాడు. ఇంటిల్లిపాదీ వద్దన్నారు. వారంలో దాన్ని పాత ఇనుముకి వేయాల్సి వస్తుందని మా నాన్నే అన్నాడు. మామయ్య వినలేదు. నాతో మాత్రం ఒక్క మాట చెప్పాడు.

"కొత్త ఇంజినురా. యాభై గంటలు తిరిగిందాకా సగం స్పీడు దాటనీమాక. దాటావో, మీ నాయన చెప్పిందే నిజమైద్ది."

ఇంజినుతో పాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. పూజ రోజున మా అత్తయ్య ఇంజినుకీ, బ్యాటరీకీ, చుక్కానికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. పుస్తకమంటే సరస్వతి కాబట్టి దాన్నీ వదల్లేదు. ఇంజిను బొమ్మ ఉన్న పేజీ తెరిచి, నాలుగు మూలలా తడి పసుపు పెట్టి, భక్తిగా మూసింది. (కారైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లం. పడవకి చక్రాలు లేక అవి పులిహోరలోకి వెళ్లాయి.) ఆ పుస్తకాన్ని నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. స్టార్ట్ చేసేముందు ఇంజిను గది మూత తీసి గాలి ఆడనివ్వాలి, డీజిల్ వాసన వస్తుందేమో చూడాలి, ఆయిల్ చూడాలి, చల్లబరిచే నీళ్లు గొట్టంలోంచి బయటపడుతున్నాయో లేదో చూడాలి. అన్నీ కంఠతా పట్టాను. మామయ్య చెప్పిన సగం స్పీడు ఐదో పేజీలో ఉంది. ఆ పేజీ 'అయితే' అని ఆగిపోయింది. తిప్పితే పడవని సబ్బునీళ్లతో కడగమని ఉంది. ఇంగ్లీషు వాళ్ల పద్ధతి అంతేనేమో అనుకున్నాను.

మూడో రోజే పెద్ద పని పడింది. ఆవలి ఒడ్డున, తెలంగాణ వైపు, మా చుట్టాలబ్బాయికి పుట్టువెంట్రుకలు. మధ్యాహ్నం యాటకూర (మేకమాంసం) భోజనం. పాతికమంది ఎక్కారు. వాళ్లందరికీ పెద్ద నల్లిబొక్క బాబాయి (ఏ విందుకెళ్లినా ఆయన మొదట అడిగేది ఆ మూలుగ ఎముకే). పట్టుచీరల మీద లైఫ్ జాకెట్లు వేసుకోమంటే ఆడవాళ్లు నన్ను శత్రువుని చూసినట్టు చూశారు. వేయించాకే తాడు విప్పాను.

ఆవలి రేవు మాకు సూటిగా ఉండదు, కాస్త ఎగువకి ఉంటుంది. మేం అవతలి ఒడ్డు దగ్గరికి చేరి పైకి తిరిగేసరికి, పైన డ్యాములో కరెంటు కోసం నీళ్లు వదిలారు. ప్రవాహం పెరిగింది. నా సగం స్పీడూ కృష్ణమ్మ స్పీడూ సరిసమానమయ్యాయి. ఇంజిను గుడగుడలాడుతోంది, వెనక నురగ లేస్తోంది, పడవ మాత్రం ఉన్నచోటే ఉంది. దిగుదామంటే ఒడ్డంతా పడవ ఆనితే అడుగు చీల్చే రాళ్లు. పక్కనే ఒకాయన గేదెల్ని కడుగుతున్నాడు. పది నిమిషాల తర్వాత చూసినా ఆయనే, అవే గేదెలు. అరగంటకి ఆయనకి ఎంతమంది పిల్లలో, ఏ గేదె ఎప్పుడు ఈనుతుందో మా వాళ్లందరికీ తెలిసిపోయింది. చివరికి గేదెలు తెల్లబడతాయని భయమేసిందేమో, మాకు చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు.

రేవు పక్కనే షామియానా. మొదటి బంతి కూర్చుంది, తింది, లేచింది. రెండో బంతి కూర్చుంది. అక్కడి నుంచి వీడియో కాల్ చేసి ఎక్కడున్నారని అడిగారు. మీకు కనపడుతూనే ఉన్నామన్నాడు బాబాయి. "కనపడుతున్రు, మరి రారేంది?" అన్నారు వాళ్లు. మూడో బంతికి విస్తళ్లు వేస్తుండగా బాబాయి నా దగ్గరికొచ్చాడు. ఎప్పుడూ గదమాయించే మనిషి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అబ్బాయ్, ఆ స్పీడు పిడి కాస్త ముందుకు నూకు నాయనా."

"యాభై గంటలు కాలేదు బాబాయ్."

"ఎన్నయినయ్?"

"ఏడు."

ఆయన మిగతా గంటలు వేళ్ల మీద లెక్కపెట్టి, మధ్యలో మానేసి కూలబడ్డాడు. పాతికమందీ నన్నే చూస్తున్నారు. నాకు మాత్రం మా నాన్న మొహమే కనపడుతోంది. పిడిని అట్లాగే పట్టుకున్నాను. ఈ ఒక్క ఇంజినైనా చెడగొట్టకుండా ఉంచాలని నా పంతం.

అప్పుడు, మా పాతికమందిలోనే ఉన్న, ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ, ఆ పుస్తకం ఇటివ్వమంది. ఐదో పేజీ చదివి, ఐదు తర్వాత ఎనిమిది ఎట్లా వచ్చిందని అడిగింది. ఆవిడ నదిలో వేళ్లు తడిపి, పసుపు గట్టిపడి అంటుకున్న పేజీల్ని మెల్లగా విడదీసింది.

"ఒకే స్పీడు మీద ఎక్కువసేపు ఉంచగూడదంట. వేడెక్కినాక అప్పుడప్పుడూ ఒక నిమిషం ఫుల్లుగా ఇచ్చి తగ్గించాలంట. లేకపోతే కొత్త ఇంజిను పాడైద్దంట. నువ్వు ఎంతసేపటి నుంచి ఉంచావు?"

"గంటంబావు" అన్నాను.

నేను ఒక నిమిషం ఫుల్లుగా ఇచ్చాను, తగ్గించాను, మళ్లీ ఒక నిమిషం ఇచ్చాను. రేవు వచ్చేసింది. అప్పటికి గుండిగలు కడుగుతున్నారు. బాబాయి పప్పుచారు కలుపుకుని తిన్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఇవతలికొచ్చి మామయ్యకి అంతా చెప్పేశాను. ఇంజినుకి ఏది చేయకూడదని పుస్తకంలో ఉందో సరిగ్గా అదే, ఊరందరి ముందు, జాగ్రత్తగా చేశానని చెప్పాను. పని పోయిందనే అనుకున్నాను. ఆయన లోపలికి దిగి ఇంజిను స్టార్ట్ చేసి, చెవి దగ్గరగా పెట్టి కాసేపు విన్నాడు. తర్వాత పుస్తకం అడిగి, విడిపోయిన పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు (ఆయనకి ఇంగ్లీషు రాదు).

"బానే ఉందిలేరా. నువ్వు ఐదో పేజీ దాకన్నా చదివావు, నేను అట్టమీద బొమ్మ చూసి చెప్పా" అన్నాడు. ఇంటికెళ్లేదారిలో మా నాన్న ఎదురైతే, ఊరంతా ఆకలితో చూస్తున్నా నీ కొడుకు నా మాట దాటలేదని మాత్రం చెప్పాడు. మిగతాది చెప్పలేదు.

ఇప్పుడు నేను ఇంజిన్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఏ పుస్తకమైనా పేజీ నెంబర్లు చూసుకునే చదువుతాను, ఏ ఇంజినైనా చప్పుడు విని చెప్పగలను. కానీ ఆ కుర్రాడిలా, పాతికమంది ఆకలి మొహాల ముందు, అంత ధీమాగా తప్పు చేయడం మాత్రం మళ్లీ నాకు చేతకాలేదు.