పరిశోధనకు మేమిచ్చిన ప్రశ్న

రొమ్ము క్యాన్సర్ మీద ఇకముందు ఏ పరిశోధనలు జరగాలో డాక్టర్లే కాదు, జబ్బుపడి లేచినవాళ్ళూ, ఇంటివాళ్ళూ చెప్పాలని నేను వైద్యం చేయించుకున్న ఆస్పత్రివాళ్ళు సమావేశం పెట్టారు. రమ్మని ఫోను వచ్చినప్పటి నుంచీ నాకు కుదురు లేదు. వైద్యం ముగిసి రెండేళ్ళయినా, నడుం పట్టేస్తే చాలు, అదే మళ్ళీ వచ్చిందేమోనని గుండె దడ. ఈ భయంతో బతకడమెలాగో ఎవరైనా పరిశోధించమని అడగాలనుకున్నాను. కుందలహళ్ళిలో ఆఫీసు పని చేసుకుంటూనే ఆ మాటను మనసులో తిప్పుకుంటూ గడిపాను.

సమావేశంలో మా బల్ల దగ్గర అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక లేడీ డాక్టరు, కాడుగోడిలో బట్టల కొట్టున్న పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. జబ్బు భార్యది, మాటలన్నీ ఆయనవి. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర ఆమె ఒక్కపూటా మానలేదనీ, ఇంకా మంచి మందు కనిపెట్టాలనీ చెప్పుకుపోతున్నాడు. నా వంతు ఎప్పుడొస్తుందా అని బల్ల కింద కాళ్ళు ఊపుతూ కూర్చున్నాను. ఎట్టకేలకు నా మాట చెప్పాను. డాక్టరు రాసుకుంది.

అప్పుడు పెద్దాయన భార్య ఆయన చేతి మీద చెయ్యి వేసి, డాక్టరు వైపు తిరిగింది.

"ఆ మాత్ర ఉగాదికి ముందే నిలిపేసినానమ్మా. అడిగినప్పుడంతా వేసుకుంటా ఉండాననే చెప్పినా. కీళ్ళనొప్పులు, ఒళ్ళంతా సెగలు. పొద్దున మంచం దిగాలంటే ఏడుపొస్తా ఉండాది. మందు పనిచేస్తాదా లేదా అని మీరు చూస్తారు. అది మింగుకుంటా ఎట్లా బతకాలో ఎవరు చూస్తారు?"

"నాకన్నా చెప్పకూడదా?" అన్నాడాయన మెల్లగా.

"చెప్తే మింగమంటారు కదా."

డాక్టరు కోప్పడలేదు. సొంతంగా మానేస్తే ప్రమాదమనీ, సమావేశం కాగానే తనతో వస్తే వేరే మాత్ర సంగతి చూద్దామనీ చెప్పింది. పక్క బల్ల నుంచి ఒకామె తనూ మధ్యలో మానేశానంది. ఆ వెనకాల ఇంకొకామె.

చివర్లో ఒక్కొక్కరు ఒక్క ప్రశ్నకే చెయ్యెత్తాలన్నారు. నా చెయ్యి పెద్దాయన భార్య అడిగిన ప్రశ్నకే లేచింది. ఆడవాళ్ళు ఆ మాత్ర ఎందుకు మానేస్తున్నారు, ఆ బాధ తగ్గించడమెలా అన్నదే ముందుకొచ్చింది. నాది బాగా వెనకబడింది. న్యాయమేనని తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. టీ కూడా తాగకుండా వరండాలో అటూ ఇటూ తిరిగాను.

కొన్ని నెలల తర్వాత అదే ఆస్పత్రిలో ఆ దంపతులు కనిపించారు. మాత్ర మార్చారట. నొప్పులు పూర్తిగా పోలేదు గానీ ఓర్చుకోగలుగుతోందట. పొద్దున ఆయన కూడా ఆమెతో నడకకు వెళ్ళొచ్చి, కొట్టు ఆలస్యంగా తెరుస్తున్నాడు. "ఇప్పుడు ఈయన నొప్పుందా అని అడిగి అడిగి ప్రాణం తీస్తా ఉండారు," అని ఆమె నవ్వింది.

ఆ పరిశోధన మొదలైంది. ఆడవాళ్ళను ఏమేం అడగాలో చూసిపెట్టమని ఆమెనూ నన్నూ పిలిచారు. భయం సంగతి కూడా అడగమన్నాను. సరేనన్నారు. వచ్చే వారం నాకు స్కాన్ ఉంది. ఇది రాస్తూ కూడా ఒకచోట కూర్చోలేకపోతున్నాను.