లారీ ఎక్కని డై

నేను నాయుడుపేట యూనిట్‌లో వెండర్ డెవలప్‌మెంట్ మేనేజర్‌గా ఉండగా, కరోనా తగ్గిన రెండో వేసవిలో, ఒక డైని వెనక్కి తెచ్చే పని నాకు అప్పగించారు.

మా కంపెనీ రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు అమ్మేది. తయారుచేసేది అనకుండా అమ్మేది అనడమే సరైన మాట. మోటారు ఒకరు, గేర్‌బాక్సు ఒకరు, నీటిని చిమ్మే రెక్కల చక్రాలు మరొకరు చేసి పంపితే, వాటిని మా షెడ్డులో బిగించి, మా పేరు వేసి డీలర్లకు పంపేవాళ్లం. అలాంటి చిన్న పరిశ్రమలను వెతికి, డ్రాయింగులు వివరించి, సరుకు కొలతకు రాకపోతే వాళ్ల మిషన్ పక్కనే నిలబడి లోపం ఎక్కడుందో చూడడం నా ఉద్యోగం.

చక్రాలు పంపేది సలోమి. పాలిటెక్నిక్ చదివి, ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కొన్నేళ్లు సూపర్‌వైజరుగా చేసి, ఊరి శివార్లో సొంతంగా రేకుల షెడ్డు వేసుకుంది. ఒక మౌల్డింగ్ మిషన్, పదకొండు మంది పనివాళ్లు. డై అంటే ఉక్కు అచ్చు. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అందులోకి పంపితే చక్రం తయారవుతుంది. డై చేయించడం చిన్న యూనిట్ల తలకు మించిన పని. అందుకని కంపెనీయే చేయించి సప్లయర్ దగ్గర ఉంచుతుంది. మిషన్ వాళ్లది, డై మాది. ఆర్డరు ఆపితే డై వెనక్కి తీసుకునే హక్కు ఒప్పందంలోనే ఉంటుంది.

ఆ ఏడాది మా పర్చేజ్ హెడ్ ఆగ్నేయాసియా దేశం ఒకదాని నుంచి ఏరేటర్ల పూర్తి సెట్లు తెప్పించాడు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద వాటికి సుంకం లేదు. నేనే పరీక్షించాను. ఏదో ఒక లోపం దొరకాలని కోరుకుంటూ పరీక్షించాననే చెప్పాలి. దొరకలేదు. బరువు తక్కువ, కరెంటు తక్కువ తీసుకుంటున్నాయి. మా షెడ్డులో బిగించిన దానికంటే చవక. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాశాను. మరుసటి వారమే సప్లయర్లందరి ఆర్డర్లు ఆపేస్తున్నట్టు మెయిల్ వచ్చింది. సలోమి దగ్గరున్న డైని స్టోర్సుకు చేర్చాలని దాంట్లోనే ఉంది.

వెళ్లే రోజును రెండుసార్లు వాయిదా వేశాను. చివరికి లారీ, చైన్ పుల్లీ, ఇద్దరు ఫిట్టర్లను వెంటబెట్టుకుని వెళ్లాను. మిషన్ నడుస్తూనే ఉంది. డైలోంచి నారింజ రంగు చక్రాలు ఒకటొకటిగా వేడివేడిగా వచ్చి పడుతున్నాయి.

“ఈ మూటలో ప్లాస్టిక్ గింజలు అయిపోనియ్యండి మేడమ్. మధ్యలో ఆపితే లోపలే గడ్డ కడతాయి,” అంది సలోమి. అది నిజమే. కుర్చీ వేసింది కానీ నేను కూర్చోలేకపోయాను. షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. పనివాళ్లకు విషయం తెలిసినట్టే ఉంది. ఒక్కరూ నా వైపు చూడలేదు.

మిషన్ ఆగాక అడిగింది. “దీన్ని యాడికి తీసకపోతారు?”

“స్టోర్సుకి.”

“ఆడ దీంతో ఎవరు పన్జేస్తారు?”

ఎవరూ చేయరు. కొంతకాలం మూల పడి ఉండి తుక్కు కింద పోతుంది. ఆ మాటే చెప్పాను.

“తుక్కుకి పొయ్యేదాన్ని నాకెందుకియ్యరు? ఊరికే వద్దులే. తుక్కు రేటు కట్టే తీసుకుంటా. ఇది దిగితే నా మిషన్‌కి పనేముండాది మేడమ్, చెప్పండి.”

ఫిట్టర్లు అప్పటికే స్పానర్లు చేతుల్లోకి తీసుకున్నారు. నేను వాళ్లను ఆగమన్నాను. లారీ ఖాళీగా తిరిగివచ్చింది.

సాయంత్రం పర్చేజ్ హెడ్ ఫోన్ చేసి డై ఎక్కిందా అని అడిగాడు. ఎక్కలేదని, వాడకంలో లేని డైలను వేలం ద్వారా అమ్మే పద్ధతి మన దగ్గరే ఉందని, అందులో పాత సప్లయర్ కూడా పాల్గొనవచ్చని చెప్పాను. పద్ధతులు నాకు నేర్పుతున్నారా అని విసుక్కున్నాడు. నాకంటే చాలా చిన్నవాడు. ఆ తర్వాత కొన్ని వారాలు నా స్థిమితం పోయింది. పర్చేజ్, స్టోర్స్, ఫైనాన్స్ ముగ్గురూ సంతకం చేస్తేగానీ వేలం జరగదు. ఫైలు ఒక టేబుల్ మీదికి చేరితే ఇంకో టేబుల్ దగ్గర ఆగేది. అవతల సలోమి మిషన్ ఖాళీ. పనివాళ్లలో నలుగురు వేరే పని చూసుకున్నారు. రోజూ ఆమె ఫోన్ వస్తుందేమోనని భయపడేదాన్ని. రాకపోతే ఇంకా కంగారుగా ఉండేది.

చివరికి ఒప్పుకున్నారు, రెండు షరతుల మీద. డై మీద కంపెనీ పేరు గ్రైండింగ్ చేసి తీసేయాలి. సలోమి మా డీలర్లెవరికీ సరుకు అమ్మకూడదు. సలోమి రెండో షరతును మళ్లీ ఒకసారి చదువుకుంది.

“డీలర్లకే గదా వద్దన్నారు, రైతులకి కాదు గదా?” అని అడిగింది. కాదన్నాను. సంతకం పెట్టింది. వేలంలో డై ఆమెకే వచ్చింది.

ఆమె స్కూటీ వెనక చక్రాలు కట్టుకుని చిట్టమూరు వైపు గుంటల మీదికి వెళ్లింది. ఇన్నేళ్లు చక్రాలు చేసినా, అవి నీళ్లలో తిరుగుతుంటే దగ్గరుండి చూడడం అదే మొదటిసారని తర్వాత నాతో అంది. అక్కడ పెంచలయ్య అనే రైతు ఆమె చక్రాన్ని తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు.

“ఇది పాతవాటికమ్మా. మేం కొత్త సెట్లు దించినాం. వాటికి ఒక్క చక్రం ఇరిగినా, విడిగా దొరకదు, సెట్టు కొనమంటాడు డీలరు. కొత్తదానికి చేసి తీసకరా, నేనే కొంటా.”

ఆమె నా దగ్గరికి వచ్చి చక్రాన్ని తిప్పే కొత్త షాఫ్టు డ్రాయింగు అడిగింది. ఇవ్వలేనన్నాను. అది కంపెనీ సొత్తు, నేను కంపెనీ ఉద్యోగిని. ముఖం చిన్నబోయింది గానీ, మళ్లీ అడగలేదు. పెంచలయ్య దగ్గర విరిగిన చక్రం ఒకటి తెచ్చుకుని కొలతలు తీసి, నాయుడుపేటలో లేత్ నడిపే ఖాదర్ బాషా చేత డైలో షాఫ్టు రంధ్రాన్ని తీర్చే నడిమి ముక్క ఒక్కటి మార్పించింది.

మొదటి దఫా చక్రాలు నెల తిరక్కుండానే నడిమి భాగంలో పగిలాయి. పెంచలయ్య వాటిని ట్రాక్టరులో వేసుకొచ్చి షెడ్డు ముందు దించాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఏరేటరు ఆగి రొయ్య తేలిపోయుంటే నా గతేంది? నువ్వు వచ్చి నిలబడేదానివా?” అని అరిచాడు. సలోమి పగిలినవాటిని లెక్కపెట్టింది. అన్నిటికీ బదులు చేసిస్తానంది. ఆయన వెళ్లాక పగిలిన ముక్కను నా చేతికిచ్చింది.

“గింజలు ఇన్నాళ్లూ మీరే పంపినారు. నేనెప్పుడూ సొంతంగా కొన్నదాన్ని కాదు. ఏం తేడా వచ్చినాదో మీరే చూడండి.”

ఇది డ్రాయింగు లాంటిది కాదు, ఏ ప్లాస్టిక్ ఇంజినీరైనా చెప్పగలిగిన విషయం. ఎండకు, ఉప్పునీటికి తట్టుకునే మందు కలిపిన గింజలు వేరుగా ఉంటాయి. ఆమె కొన్నవి బకెట్లకు, కుర్చీలకు వాడే రకం. ఏం అడిగి కొనాలో, మూట వచ్చాక ఏ పరీక్ష చేసి చూసుకోవాలో చెప్పాను. రెండో దఫా చక్రాలు ఒక పంట పూర్తిగా నిలిచాయి. పెంచలయ్య పక్క గుంటల వాళ్లకు తనే చెప్పాడు.

ఆలోగా మా షెడ్డులో బిగింపు పని పూర్తిగా ఆగిపోయి, అది దిగుమతి సరుకు దించుకునే గోడౌను అయింది. వెండర్లే లేని చోట నా పోస్టుతో పని లేదని చెప్పి, పదవీ విరమణకు ఏడాది ముందే నన్ను పంపేశారు. కోవూరులో మా ఇంట్లో ఉండగా సలోమి ఒకసారి వచ్చింది. పదకొండు మంది ఉన్న చోట ఇప్పుడు ఆరుగురు పని చేస్తున్నారట. దిగుమతివాళ్లు షాఫ్టు మళ్లీ మార్చారట, నడిమి ముక్క మళ్లీ చేయించాల్సి వచ్చిందట. “యాడాదికొకసారి మారుస్తారేమో మేడమ్. నేనూ మారుస్తా,” అంది. సంతోషంగా ఉందని చెప్పలేను. అలసిపోయి ఉంది. అయినా షెడ్డు నడుస్తోంది. మాకు గేర్‌బాక్సులు పంపిన యూనిట్ మూతపడింది. పనిలో అది సలోమి యూనిట్ కంటే ఏ మాత్రం తక్కువది కాదు.

ఒకే కొనుగోలుదారు కోసం, అతని డై మీద, అతను పంపిన ముడిసరుకుతో నడిచే యూనిట్ ఎంత బాగా పనిచేసినా సొంత పరిశ్రమ కాదు. అది ఆ కొనుగోలుదారు ఫ్యాక్టరీలో ఒక భాగం, వేరే షెడ్డులో నడుస్తుందంతే. సుంకం పోయిన రోజు ముందు వదిలించుకునేది దాన్నే. ఇప్పుడు ఎవరైనా సప్లయర్‌గా చేరబోతూ నన్ను సలహా అడిగితే, రేటు సంగతి తర్వాత, డై ఎవరి పేర ఉంటుందో, సరుకు చివరికి ఎవరు వాడుతారో ముందు తెలుసుకోమంటాను. చాలామంది ఆ ప్రశ్న అడగరు. మొదటి ఆర్డరు చేతికి అందుతున్నప్పుడు ఆ మాట అడగడం ఎంత కష్టమో, ఆ ఆర్డర్లు ఇచ్చినదాన్ని కనుక నాకు తెలుసు.