తమాషా అన్న ఒక్క మాట

మేముండే మౌంట్ రాస్కిల్‌లో ఒక హాల్లో శనివారం శనివారం పిల్లలకు తెలుగు క్లాసు నడుస్తుంది. ఓసారి మా అమ్మాయి అక్కడ, "హోంవర్క్ కాలే ఆంటీ, మస్తు పరేషాన్ అయిన" అంది. పాఠం చెప్పే ఆంటీ, "అది తెలుగు కాదమ్మా, ఉర్దూ" అన్నారు. పిల్లలంతా నవ్వారు. అంతే, మా పిల్ల ఇంట్లో తెలుగు బంద్ పెట్టింది. ఏమడిగినా ఇంగ్లిష్‌లోనే జవాబు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. పదేళ్ల పిల్ల నోట్లోంచి జారిపోయిన భాషను ఈ పరాయి దేశంలో ఎక్కడని వెతికి తెచ్చేది?

ఆ ఉడుకు మీదే పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కంచె అవతల ఉండే ఇరాన్ పెద్దామె నా వైపు వేలు చూపిస్తూ, భర్తతో "తమాషా కొన్" అంది. నేనేమన్నా కోతినా, తమాషాకి? బుట్ట అక్కడే పడేసి కంచె దాకా వెళ్లి, నన్ను చూస్తే అంత నవ్వులాటగా ఉందా అని ఇంగ్లిష్‌లో కడిగేశాను.

పాపం, ఆమె బిత్తరపోయింది. "చూడు అన్నానమ్మా. నీ వెనక చెట్టు మీద టూయీ పిట్ట వాలింది" అంది. వాళ్ల భాషలో తమాషా అంటే చూడటమట. సిగ్గుతో చచ్చిపోయాను. టెహ్రాన్‌లో భాషాపాఠాలు చెప్పిన మనిషట, ఆమెకు మాత్రం ఎక్కడలేని హుషారొచ్చి, నన్నూ మా అమ్మాయినీ టీకి పిలిచింది.

టీ పోస్తూ చెప్పింది, తమాషా అన్న మాట అరబ్బీలో పుట్టిందట. అక్కడ కలిసి నడవడం, ఫారసీకొచ్చి చూడటం, మన దగ్గరకొచ్చి వేళాకోళం. అరబ్బులు ఏలడానికొచ్చినప్పుడు వాళ్లకు 'ప' పలకక 'పార్సీ' కాస్తా 'ఫార్సీ' అయిందట. సొంత పేరే పోగొట్టుకుని కూడా నిలబడిన భాష! తుర్కీ మాటలొచ్చాయి, ఫ్రెంచి మాటలొచ్చాయి. టెహ్రాన్‌లో థాంక్స్‌కి 'మెర్సీ' అంటారట. "కొన్ అంటే చెయ్యి. ఎవరి మాటొచ్చినా పక్కన మా 'చెయ్యి' పెట్టేస్తాం. ఇక అది మాదే" అందామె.

"తెలుగులో డ్రైవ్ చెయ్యి అన్నట్టా?" అని మా అమ్మాయి ఇంగ్లిష్‌లోనే అడిగింది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఎంతమంది చుట్టాలొచ్చినా వంటింట్లో గరిటె మాత్రం వదలని ఇల్లాలు ఆ ఫారసీ. మా తెలుగూ అదే పని చేస్తోందని నాకెప్పుడూ తట్టలేదు.

"పరేషాన్ కూడా మీదేనా?" అంది పిల్ల మెల్లగా.

"మాదే. చెదిరిన జుట్టుక్కూడా అదే మాట" అని ఆమె దాని తల నిమిరింది. ఆ వారమంతా ఇది కంచె దగ్గర చేరి మాటలు అడుగుతూనే ఉంది, ఇంగ్లిష్‌లోనే.

శనివారం క్లాసులో నేను వెనక కూర్చున్నాను. మా అమ్మాయి చెయ్యెత్తింది. "ఆంటీ, రోజు అన్నది ఫారసీ మాటనంట. దాన్ని గూడ తీసేద్దామా?"

ఆంటీ నవ్వేశారు. "వద్దులే తల్లీ. అది లేకపోతే నాకు పూట గడవదు" అన్నారు. ఈసారి పిల్లలు మా అమ్మాయితో కలిసి నవ్వారు.

కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, "అమ్మా, ఆకలైతుంది" అంది, తెలుగులో. నేను తాళం చేతిలో పట్టుకుని, కళ్లు తుడుచుకునేదాకా కారు స్టార్ట్ చేయలేకపోయాను.